మాడిన వాసన

కర్నూలులో నరాల డాక్టరు గది బయట విశ్వాసమ్మ మనవరాలిని గుండెలకు అదుముకుని కూర్చుంది. కోడలు స్తుతి చేతులు చాచినా ఇవ్వలేదు.

"బిడ్డ నీ చేతిలో ఉంటే నా పానం నా దగ్గరుండదు. ముందు నీ రోగమేందో తేలనీ."

స్తుతి ఏదో అనబోయింది. పక్కనే ఉన్న శామ్ వద్దన్నట్టు భార్య చెయ్యి పట్టుకున్నాడు. బేతంచెర్ల నుంచి బస్సులో వచ్చినంతసేపూ కోడలి చూపు బిడ్డ మీదే ఉంది. ఆ చూపులో కూడా విశ్వాసమ్మకు దయ్యమే కనిపించింది.

శామ్ బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. "కర్నూలు ఆస్పత్రికి పోదాం పామ్మా" అని వాడు అనగానే ఆమెకు కొండంత బరువు దిగింది. కోడలికి దయ్యమో రోగమో పట్టిందని నెలల తరబడి ఆమె మొత్తుకుంటూనే ఉంది కదా!

విశ్వాసమ్మ ఆషామాషీ మనిషి కాదు. సంఘంలో ఆమె ప్రార్థనకు పేరుంది. ఎలుగెత్తి ప్రార్థిస్తూ మధ్యలో మాట ఆగిపోయిందంటే చాలు, ఆత్మ దిగిందని చుట్టూ అందరూ స్తోత్రం, స్తోత్రం అంటారు. అలాంటి ఇంటికి ఇలాంటి కోడలా! పాస్టరుగారు నూనె రాసి, తల మీద చేతులుంచి ప్రార్థించినా లాభం లేకపోయింది. ఇక పుట్టింటికి పంపడమే అనుకుంది. బిడ్డ మాత్రం తన దగ్గరే ఉండాలి.

లోపలికి పిలిచారు. డాక్టర్ పద్మశ్రీ ఏమిటి సమస్య అని అడగడమే ఆలస్యం, విశ్వాసమ్మ అందుకుంది.

"ఏం చెప్పమంటావు మేడం! పొయ్యి కాడ నిలబడి ఉంటాది. నేను చూస్తానే ఉంటా. ఉన్నట్టుండి నా పక్కనొచ్చి నా చెయ్యి పట్టుకొని ఏడుస్తా ఉంటాది. పొయ్యి యాడ, నేను యాడ? నడిచొచ్చింది కనపడదు!"

"కింద పడుతుందా? నోట్లో నురగ వస్తుందా?"

"అదేం లేదు. అట్లయితే మూర్ఛ అనుకుందుము. మొన్న బిడ్డకు నీళ్లు పోస్తాండా. రెప్పపాటులో నా చేతుల్లోంచి పెరుక్కొని వాకిట్లో నిలబడింది. బిడ్డ ఉక్కిరిబిక్కిరై దగ్గుతాండాది. నీళ్లు మింగించింది, రాక్షసి!"

ఆ బిడ్డకేమన్నా అయితే విశ్వాసమ్మ బతకదు. అది నిజం.

"ఇలా జరిగే ముందు ఏమన్నా తెలుస్తుందా?" అని డాక్టరు అడిగింది.

"నాకు తెలుస్తాది. ముందుగాల మాడిన వాసన కొడతాది. ఇంట్లో ఇంకెవురికీ రాదు, నాకొక్కదానికే. ప్రార్థన చేసేదాన్ని గదా, దయ్యం వచ్చేది పసిగడతా."

డాక్టరు రాయడం ఆపి శామ్ వైపు చూసింది. శామ్ జేబులోంచి ఫోను తీసి అందించాడు.

"ఇంట్లో నేనే తీసినా మేడం. మాయమ్మకు ఇంకా చూపియ్యలేదు."

విశ్వాసమ్మ మనసు కుదుటపడింది. వీడియో తీశాడంటే కొడుకు తన మాట నమ్మినట్టే. గెలిచినదానిలా కోడలి వంక చూసింది. స్తుతి కళ్ల నిండా నీళ్లు. ఎంత కోపమున్నా ఆమెకు జాలేసింది. ఎంతైనా చిన్నపిల్ల.

"మాత్రలతో తగ్గుతాదా మేడం? తగ్గేదైతే పంపను. ఇంట్లోనే పెట్టుకొని నా బిడ్డ మాదిరి చూసుకుంటా."

డాక్టరు వీడియోను మళ్లీ మొదటి నుంచి చూసింది. ఫోను బల్ల మీద పెట్టి, కుర్చీలోంచి లేచి ఆమె దగ్గరికి వచ్చింది.

"మాత్రలతో అదుపులోకి వస్తుంది పెద్దమ్మా, కానీ ముందు ఆ పాపను తల్లి చేతికివ్వు, ఈ వీడియోలో కళ్లు తెరుచుకునే స్పృహ తప్పుతున్నది, ఫిట్స్ వస్తున్నది నీకే."