మైసూరు తలపాగా

శాలువా కప్పారు, పళ్ళబుట్ట చేతికిచ్చారు. జరీ తలపాగా దగ్గరే కార్యదర్శి ఆగిపోయాడు. నవలా రచయిత్రి అంబుజాక్షమ్మ కొప్పు నిండా మల్లెలు.

“ఇది నిలవదమ్మా. మీవారికి పెట్టేస్తాం.”

పక్కనే ఉన్న భర్త శ్రీకంఠయ్య అప్పటికే బట్టతల వంచేశాడు.

ముందు వరసలోంచి అత్తగారు లేచింది. “తల ఎత్తరా! నవలలు రాసింది నీ తలా?”

వేదికెక్కి, కోడలి కొప్పులో పూలు లాగేసి, ముడి విప్పి, తలపాగా తనే పెట్టింది.

శ్రీకంఠయ్యకు ఉక్రోషం వచ్చింది. “పనికిమాలిన రాతలని రోజూ తిట్టేది నువ్వే కదమ్మా!”

“తిట్టాను. ప్రతి నవలా ఆఖరి పేజీ దాకా చదివి మరీ తిట్టాను. నువ్వు ఒక్కటైనా చదివావట్రా?”