డప్పు లేని పాట

టాబ్లెట్‌లో మెమరీ చాలక పాటలు చేసే యాప్ మళ్లీ మూసుకుపోయింది. ఎక్కువ మెమరీ తింటున్నది తండ్రి వాయించిన డప్పు ట్రాకే. హరిచందన దాన్ని తీసేసింది. మిగిలిన కీబోర్డు ట్రాక్‌తో పాట ఆగకుండా నడిచింది.

పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి చెవులు పగిలే సుత్తుల మోత మధ్య పనిచేస్తున్న ఎల్లయ్య, ఆ రోజు డ్యూటీ దిగి వచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు.

“అయిందా బిడ్డా? ఏది, పెట్టు.”

పెట్టింది. ఆయన తల ఊపడం మొదలుపెట్టాడు.

“సూడు, నా డప్పు ఎట్ల మోగుతున్నదో! గా కీబోర్డు దీని ముంగట ఏం పనికొస్తది?”

ఆయన మురిసిపోతుంటే హరిచందన ఇక భరించలేక పాట ఆపేసింది. ముఖం చూడలేక తల దించుకునే చెప్పింది.

“నీ డప్పు ఇందుల లేదు నాయినా. నేనే తీసేసిన.”

పాట ఆగిపోయినా ఎల్లయ్య ఇంకా తల ఊపుతూనే ఉన్నాడు.

“మస్తు నడుస్తున్నది బిడ్డా. ఆపకు.”