సారు నేనైన పూట

సేవాసంస్థల మేనేజర్లకి శిక్షణ. సిబ్బంది మాట ఎలా వినాలో నేర్పుతారట. సిబ్బందిలో ఒకర్ని వెంట తెమ్మంటే మా సారు నన్ను తెచ్చాడు. టీచరమ్మ పెట్టిన ఆటలో మా సారు నేనవ్వాలి, నేను సారవ్వాలి.

ఆయన కుర్చీలో కూర్చున్నాను. ఆయన చేతులు కట్టుకున్నాడు.

"సార్, రేపు మా అమ్మకి ఎడమ కంటి ఆపరేషనండీ. పక్కన ఎవరూ లేరు. రెండ్రోజులు సెలవివ్వండి సార్!"

నాకు ఒళ్ళు మండింది. పొద్దున నేనిలాగే అడిగితే ఫోనులోంచి తలెత్తలేదు. వినలేదేమో అనుకున్నాను. ఒక్క ముక్క పొల్లుపోకుండా విన్నాడు!

"రెండేంటయ్యా, వారం తీసుకో," అన్నాను.

హాలంతా చప్పట్లు.

"మీ దగ్గర నిజంగా ఇలాగే ఇస్తారా?" టీచరమ్మ మురిసిపోయింది.

"ఎప్పుడూ ఇంతేనండీ!" సారు ఇకిలించాడు.

"వారానికి థాంక్స్ సార్," అని లేచి, చెప్పులేసుకుని అమ్మ దగ్గరికి బయల్దేరాను.