ఎడమ చక్రం నట్లు

"ఇవీ పట్టలేదు పీరాసాబన్నా," అంటూ నల్లప్ప నట్ల పొట్లం బల్ల మీద పెట్టాడు.

గుత్తిలో పాత సామాన్ల అంగడి నడిపే పీరాసాబ్‌కు నమ్మబుద్ధి కాలేదు. నెల్లాళ్లు వెతికి, అచ్చం నల్లప్ప జీపులాంటి పాత జీపు నుంచి తన చేత్తో ఊడదీసిన నట్లవి.

"ఎడమ చక్రానివప్పా. అన్నిటి మాదిరి కాదు, ఎదురు తిప్పితేనే బిగుస్తాయి. అట్ల తిప్పినావా?"

"తిప్పినా. పట్టలే."

పీరాసాబ్ పొట్లం అందుకున్నాడు. పోయిన బేస్తవారం తాను వేసిన దారం ముడి వేసినట్టే ఉంది.

తలెత్తాడు. మూడు నెలల కిందట భార్యను పోగొట్టుకున్న నల్లప్ప, అప్పటికే స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఔనప్పా, కొలత తేడా వచ్చినట్టుండాది," అంటూ పీరాసాబ్ ముడి కనబడకుండా పొట్లాన్ని సొరుగులో వేశాడు.

"అయితే మళ్లా బేస్తవారం వస్తా."

"అంతవరకూ ఎందుకప్పా? రేపు గూడా రా. ఇద్దరం ఎతుకుదాం."