ఎండు చెరువులో ఈత

“కదలొద్దు తిమ్మక్కా! ఊపిరి కూడా మెల్లగా!”

ఎండిన చెరువు నడుమ బోర్లా పడుకున్న తిమ్మక్క కదలకుండానే తిట్టింది. “కడుపు కింద మట్టి పెనం మాదిరి కాలుతాండాది తల్లీ. బిరీన నొక్కు.”

మల్లీశ్వరి కెమెరా నొక్కింది. తిమ్మక్క జానెడు ముందుకు జరిగింది. మళ్లీ నొక్కింది.

మల్లీశ్వరి అనంతపురంలో ఒక స్టూడియోలో పెళ్లి ఫొటోలు తీస్తుంది. స్టూడియోకి డిజిటల్ కెమెరా వచ్చినప్పటి నుంచి ఆమెకో పిచ్చి పట్టుకుంది. దేన్నయినా కాస్త కాస్త జరుపుతూ ఫొటోలు తీసి, కంప్యూటర్లో వరసగా తిప్పితే అది తనంతట తానే నడిచినట్టు కనిపిస్తుంది. మొదట ఒక గుమ్మడికాయను గట్టు ఎక్కించబోయింది. గాలికి స్టాండు కదిలి బొమ్మంతా వణికింది. తర్వాత చెప్పుల జతను చేను దాటించబోయింది. మబ్బు అడ్డొచ్చి, ఒక్క అడుగులోనే పగలు కాస్తా సాయంత్రమైపోయింది. ఈసారి గోరంట్ల దగ్గర తన పెదనాయన ఊరికి వచ్చి, నీటి చుక్క లేని చెరువులో మనుషులను ఈదించాలని కూర్చుంది.

“ఇదే ఆఖరుసారి,” అన్నాడు పొద్దున కెమెరా చేతికిస్తూ స్టూడియో ఓనరు. “పొద్దు గూకేలోగా కెమెరా నా చేతిలో ఉండల్ల.”

మల్లీశ్వరి అప్పటిదాకా తీసిన ఫొటోలను కెమెరా వెనక తెర మీద గబగబా తిప్పి చూసుకుంది. ముఖం వాడిపోయింది.

“ఏమైందే?” అంది తిమ్మక్క.

“ఈదినట్టు లేదక్కా. దెబ్బ తిన్న పాము పాకినట్టుండాది.”

గట్టు మీది ఆడవాళ్లు పకపకా నవ్వారు. వాన లేక విత్తనం పడలేదు, విత్తనం పడక కూలి లేదు. వాళ్లకు ఆ పూట ఇదే కాలక్షేపం.

“నవ్వేది కాదు, మీలో ఈత వచ్చినోళ్లు ఎవురన్నా ఉండారా?”

నవ్వులు ఆగాయి. “ఈ చెరువులో నీళ్లు చూసిందెవురు పాపా, ఈత నేర్చేదానికి?” అంది నల్లమ్మ.

మల్లీశ్వరి స్టాండు కాళ్లు మడవడం మొదలుపెట్టింది.

“ఉండు పాపా. నేను చెప్తా.”

గొర్రెలను తుమ్మల కింద వదిలి ముసలి తిప్పయ్య దిగి వస్తున్నాడు. వచ్చీ రాగానే తిమ్మక్క తల వైపు కర్ర చూపించాడు.

“తల దించు. తల ఎత్తితే కాళ్లు మునుగుతాయి.”

“ఏ కాళ్లు మామా? ఈడ నీళ్లేవీ?”

“ఉండాయనుకో! ఆ చెయ్యేంది, రొట్టె తట్టినట్టు? నీళ్లు బరువు. వెనక్కి తొయ్యల్ల. ఆ బరువు మాకు కనపడల్ల.”

తిమ్మక్క పళ్లు బిగించి తోసింది. మల్లీశ్వరి మళ్లీ స్టాండు నిలబెట్టి వరసగా నొక్కింది. తెర మీద చూసుకుని ఎగిరి గంతేసింది.

“వచ్చింది తాతా! నువ్వు యాడ నేర్చినావు?”

“యాడైతేనేం. గాలి లేస్తాండాది, స్టాండుకు రాళ్లమూట కట్టు.”

నల్లమ్మ కొంగు బిగించి దిగింది. ఆమె వెనకే మిగతావాళ్లు దిగారు. అందరూ వరసగా పడుకుని చేతులు చాపారు.

“నవ్వుతావేంది నల్లమ్మా? నోట్లోకి నీళ్లు పోవా!” అని అరిచాడు తిప్పయ్య.

నల్లమ్మ చటుక్కున నోరు మూసుకుంది. పక్కవాళ్లూ మూసుకున్నారు.

తర్వాతి వారం మల్లీశ్వరి సీడీ తెచ్చి ఊళ్లో టీవీలో వేసింది. ఎర్రటి బీటల మీద ఆడవాళ్లు చేపల్లా సాగిపోతున్నారు. ఒక్క కాలు నేలకు ఆనినట్టు లేదు. “అది నేనేనా?” అంటూ తిమ్మక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మళ్లీ వెయ్యి, మళ్లీ వెయ్యి అని చీకటి పడేదాకా వేయించుకున్నారు. ఓనరు కూడా చూసి, “ఇంక ఆదివారాలు కెమెరా నీ దగ్గరే పెట్టుకో,” అన్నాడు.

ఆ ఏడాది ఆలస్యంగానైనా వాన పడింది. చెరువులోకి నడుము లోతు నీళ్లు వచ్చాయని కబురందగానే మల్లీశ్వరి బస్సెక్కింది. ఆమె వచ్చేసరికి ఆడవాళ్లంతా చెరువులోనే ఉన్నారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మునుగుతున్నారు, లేస్తున్నారు, ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకుంటున్నారు.

“తిప్పయ్య మామా, రా! గురువు దిగకుంటే ఎట్ల?” అని కేకేసింది తిమ్మక్క.

తిప్పయ్య పాదాలు తడిసేదాకా వచ్చి ఆగిపోయాడు. మల్లీశ్వరి కెమెరా దించి దగ్గరికి వెళ్లింది.

“ఏం తాతా, ఆడనే నిలబడితివి?”

అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “ఆ పొద్దు నువ్వు స్టాండు మడుస్తాంటే చూడలేకపోతిని పాపా.”

“ఇప్పుడు ఆ మాటెందుకు తాతా?”

“నాకూ ఈత రాదు.”