ఐలన్న గోల్డు చందా

“ఆటకి డబ్బులిస్తివి. ఆడే పెట్టెకిస్తివి. ఇంటర్నెట్టుకి నెలనెలా ఇస్తాండావు. మళ్లీ నలుగురితో కలిసి ఆడాలంటే ఇంకో చందానా? ఇల్లు కొనుక్కొని గడప దాటేదానికి టిక్కెట్టు తీసుకున్నట్టుంది!” అంది భార్గవి.

యశ్వంత్ టీవీ మీంచి కళ్లు తిప్పలేదు. మీ సభ్యత్వం ఈ రోజుతో ముగుస్తుందని తెర మీద హెచ్చరిక.

“మామూలు చందా కాదు. గోల్డు.”

“గోల్డంటే మెడకి తగిలించుకునేది. నీది చెవికి తగిలించుకునేది.” అతని తలమీది హెడ్‌సెట్ వైపు వేలు చూపించింది. “కడితే ఏమొస్తుందో ఒక్కటి చెప్పు.”

“మొగిలి.”

“పువ్వా?”

“మనిషి.”

రెండేళ్ల కిందటి మాట. సకల జనుల సమ్మె రోజులు. బందు నాడు హైటెక్ సిటీలో ఆఫీసు మూసేస్తే, నల్లగండ్ల ఫ్లాట్లో యశ్వంత్ నోరు తెరుచుకునేవాడు. ఆవలించడానికి. అలా బందు పుణ్యమా అని దొరికిన బంధువు మొగిలి.

ఆన్‌లైన్లో మొదటిరోజే హెడ్‌సెట్‌లో ఆ గొంతు, “ఏ ఊరన్నా మనది?” అనడిగింది.

ప్రొద్దుటూరని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ వారమే ఆఫీసు క్యాంటీన్లో ఇడ్లీ దగ్గర మొదలైన రాష్ట్రం గొడవ, చట్నీ దగ్గరికొచ్చేసరికి చొక్కాలు పట్టుకునేదాకా పోయింది. భయపడ్డ నాలుక మడతపడి “వరంగల్” అనేసింది. పేరడిగితే అపార్ట్‌మెంటు వాచ్‌మన్ పేరు చెప్పింది. ఐలయ్య.

“గట్ల చెప్పు! నాది సిద్దిపేట. పేరు మొగిలి.”

“వరంగల్ల ఏడ?” అని గానీ అడుగుతాడేమోనని యశ్వంతే ముందుగా, “మాది గా కోట పక్కపొంటి,” అన్నాడు.

“మాది గా చెరువు పక్కపొంటి,” అన్నాడు మొగిలి.

ఊళ్ల సంగతి మళ్లీ ఇద్దరూ ఎత్తలేదు. ఆ రోజు నుంచీ యశ్వంత్ ప్రతి మాటకీ ముందో ‘గ’ తగిలించేవాడు. మొగిలి రెండు తగిలించి జవాబిచ్చేవాడు. “అసలు మాటంటే నీదే ఐలన్నా, నీ దగ్గర నేర్చుకోవాలె,” అని మెచ్చుకునేవాడు కూడా.

ఆడేది తుపాకుల ఆట. తెర మీద ఒకరి వీపు ఒకరు కాసుకునేవాళ్లు. యశ్వంత్ నాయనకి గుండె ఆపరేషనైన రోజు మాత్రం ఆట ముట్టుకోలేదు. రెండు గంటలు మొగిలి మాట్లాడుతూనే ఉన్నాడు. “ఫికర్ చెయ్యకే, బాపు మంచిగైతడు.” పెళ్లాం ముందు బిగబట్టిన ఏడుపంతా యశ్వంత్ ఆ మైకులో పోశాడు. ఆట కోసం కట్టిన చందా మాట కోసమైంది.

హెడ్‌సెట్ గరగరమంది.

“ఐలన్నా, ఉన్నవా?”

“ఉన్న మొగిలన్నా, చెప్పు.”

భార్గవి నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

“ఇయ్యాలతోని నా చందా ఖతం. ఇగ కట్ట. కంపెనీ నన్ను పుణె తోలుతున్నది. పెట్టె అమ్మేసిన, కొన్నాయన పన్నెండింటికి వస్తడు. గందుకే... పగటికి బువ్వకు రా అన్నా. కూకట్‌పల్లిల ఉంటున్నం. అమ్మ నిన్ను చూడాలంటున్నది. నాకూ నీతోని చెప్పే ముచ్చటొకటుంది. మైకుల కాదు, ఎదురుంగ కూసొని చెప్పాలె.”

యశ్వంత్ మైకుని గుప్పిట్లో మూశాడు. “పుణె పోతాండాడంట. భోజనానికి పిలుస్తాండాడు.”

“ఇంకేం, పో. పొయ్యి నిజం చెప్పు. కొడతాడా?”

“కొట్టడు. ఇంక నమ్మడు. దానికంటే కొట్టేదే మేలు. మొన్న రాష్ట్రం ప్రకటించినప్పుడు ఇద్దరం కలిసి జై కొట్టినాం తెల్సా?”

“నువ్వు కూడానా?”

“ఆయనకంటే గట్టిగా.”

“ఆ రోజు మీ నాయన సమైక్యమని ప్రొద్దుటూర్లో రోడ్డు మీద కూచోనుండె కదా!”

“అందుకే చెప్పేది. ఏ మొఖం పెట్టుకొని పోవల్ల?”

భార్గవి నవ్వడం మానేసింది. “పోకపోతే ఆ మనిషి మొఖం ఇంకెప్పుడు చూస్తావు?”

“ఏమైందే?” అన్నాడు మొగిలి. “రానీకె కాకుంటే ఫోన్ నంబరన్న ఇయ్యి.”

నంబరిస్తే పేరు చెప్పాలి. పేరు చెబితే ఊరు చెప్పాలి. తెర మీద వందమందికి ఎదురెళ్లే వీరుడు, తెర ముందు ఒక్కడికి బెదిరాడు.

“ఫోన్ ఖరాబైంది అన్నా. గిప్పుడే ఊరికి బయలెల్లుతున్న. జర అర్జెంటు.”



“గట్లనా,” అన్నాడు మొగిలి. “సరే. పైలం ఐలన్నా.”

“పైలం.”

హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టిన చప్పుడు. కుర్చీ జరిగిన చప్పుడు. మైకు ఆపడం మరిచిపోయినట్టున్నాడు. ఎక్కడో వంటింట్లో మూత తీసిన మోత. ఆ వెంటనే కాలింగ్ బెల్లు. పెట్టె కొన్నాయన వచ్చేశాడు.

యశ్వంత్ మైకుని నోటి దగ్గరికి లాక్కున్నాడు.

“మొగిలన్నా! ఆగన్నా! నేను ఐలయ్యను కాదు. వరంగల్లూ కాదు. మాది ప్రొద్దుటూరన్నా! వస్తా, ఇప్పుడే వస్తా, ఇల్లు యాడో చెప్పు!”

రెండేళ్లలో మొదటిసారి అతని సొంత మాట ఆ మైకులోకి వెళ్లింది. అవతల బల్ల మీద పడున్న హెడ్‌సెట్‌కి చెవుల్లేవు.

అంత దూరం నుంచి, సన్నగా, మొగిలి గొంతు వాళ్లమ్మకి చెబుతోంది.

“రాడంటలేమ్మా, మనం సీమోళ్లమని కనిపెట్టినట్టుండాడు.”