కొట్టేసిన ఘాతాలు

వెంకట్రాజం బోర్డు మీద 2⁶/2² అని రాశాడు. పైనున్న ఆరునీ కిందున్న రెండునీ టకటకా కొట్టేసి, మూడు వేశాడు.

"రెండు ఘాతం మూడు. అంటే ఎనిమిది," అన్నాడు ధీమాగా.

హనుమకొండలో ఆ ఆదివారం ఉచిత కోచింగ్ క్లాసు గొల్లుమంది. ఉద్యోగ పరీక్షకు చదివే కుర్రకారు మధ్య నలభై దాటిన మనిషి ఆయనొక్కడే మరి.

"కాకా, ఈసారి జాబ్ నీదే పో," అన్నాడు సాయితేజ.

ఫిర్దోస్ మాత్రం నవ్వలేదు. పోయిన వారం టెస్టులో ఆమె కూడా అచ్చం అలాగే కొట్టేసింది.

"నవ్వుడు గాదు, తప్పెక్కడున్నదో చెప్పుండ్రి," అంటూ వెంకట్రాజం చాక్‌పీసు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "నువ్వు చెప్పు బిడ్డా."

బోర్డంటే ఫిర్దోస్‌కు హడల్. ధర్మసాగర్ నుంచి ఆటోలో వచ్చి, వెనక బెంచీలో కూర్చుని, నోరు విప్పకుండా వెళ్లిపోయే పిల్ల. ఇదే ఆఖరి ప్రయత్నమనీ, తప్పితే వచ్చి తన టైలరింగ్ షాపులో కూర్చోవాలనీ నాన్న లియాఖత్ అలీ తేల్చి చెప్పేశాడు.

చాక్‌పీసు అందుకుని లేచింది. పైన ఆరు రెండ్లు, కింద రెండు రెండ్లు విడివిడిగా రాసింది. కింద ఒకటి, పైన ఒకటి చొప్పున కొట్టేసింది. పైన నాలుగు మిగిలాయి.

"ఘాతాలను భాగించద్దు కాకా, ఆరులోంచి రెండు తీసెయ్యాలె. పదహారొస్తది."

చెబుతుంటేనే తనకూ అర్థమైంది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆయన ఓ కొత్త తప్పుతో తయారు. ఘాతం సున్నా అయితే జవాబూ సున్నాయే అనేవాడు. ఘాతానికి మైనస్ ఉంటే జవాబుకీ మైనస్ తగిలించేవాడు. ఫిర్దోస్ లేచి సరిచేసేది. రానురాను ఆయన ఇవ్వకముందే చాక్‌పీసు లాక్కునేది.

పరీక్షకు ముందు ఆఖరి క్లాసులో ఆమెకు ఓపిక నశించింది.

"నీకెన్నిసార్లు చెప్పాలె కాకా? ఇంట్ల జర చదువుకొని రారాదా?"

ఆయన నొచ్చుకోలేదు సరికదా, మురిసిపోయాడు.

పరీక్షలో ఘాతాల భిన్నాలు వరసబెట్టి వచ్చాయి. ఫిర్దోస్ పెన్ను ఎక్కడా ఆగలేదు.

ఉద్యోగం వచ్చింది. లియాఖత్ అలీ షాపు మూసేసి గల్లీ అంతా మిఠాయి పంచాడు. "నా బేటీ సర్కారీ నౌకరి కొట్టింది," అని పోయే ఆటోలను ఆపి మరీ చెప్పాడు. ఆ సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

ఫిర్దోస్ ఒక డబ్బా పట్టుకుని క్లాసుకు వెళ్లింది. వెంకట్రాజం కనిపించలేదు. ఆమె మనసు చివుక్కుమంది.

"కాకా ఫెయిలయిండా సార్? నేను ఊకె కసురుకున్న ఆయనను," అంది, క్లాసు నడిపే రాజేశ్వర్ రావుతో.

"ఆయన పరీక్షే రాయలేదమ్మా. ఇప్పుడు స్టేషన్ ఘన్‌పూర్ క్లాసుకు పోతాండు."

"ఆడ గూడ తప్పులే చేస్తాండా?"

"చేస్తాండు, అక్కడి పిల్లలవి," అన్నాడు రాజేశ్వర్ రావు. "ఇక్కడ మీ టెస్టు పేపర్లు దిద్దింది ఆయనే, అందుకే బోర్డు మీద మీ తప్పులు చేసిండు."